ఎత్తు పెంచిన జీపు – తప్పిన కోణములు

ఉదయగిరి దుర్గము పేరు వినని తెలుగువారు అరుదు. 1513, 1514 సంవత్సరములలో శ్రీకృష్ణదేవరాయలు ఆ కోటను ముట్టడించిన వృత్తాంతమును పోర్చుగీసువాడైన నూనిజ్ వ్రాసియుంచెను. కోటను సమీపించుటకు దారి యొకటే యుండెననియు, అదియు మనిషి వెనుక మనిషి నడువవలసినంత యిరుకనియు, రాయలు దానిని వెడల్పు చేయించి, మరికొన్ని దారులు కూడ వేయించి కోట దాపునకు చేరెననియు అతడు చెప్పును. దారి చెడ్డదైనచో దారినే బాగుచేసికొనుట పూర్వపు పద్ధతి. మన కాలమున మరియొక పద్ధతి వచ్చినది. దారి నట్లే యుండనిచ్చి, బండినే దారికి తగినట్లు మార్చుకొనుట. ఈ రెండవ పద్ధతిలోని మేలెంత, కీడెంత, మార్చిన బండిని మరల సరిదిద్దుట యెట్లు అనునది నేటి ప్రసంగ విషయము.

నెల్లూరు జిల్లా పడమటి అంచున వెలికొండలు ఉత్తర దక్షిణములుగా సాగియున్నవి. ఆ కొండల చెంత ఉదయగిరి, సీతారామపురము. వానికి దక్షిణముగా, పెన్నకు చేరువలో, ఆత్మకూరు. ఆత్మకూరు నుండి మర్రిపాడు మీదుగా బద్వేలు పోవు రహదారి ఈ కొండల వరుసను దాటును. పెద్ద దారులు తారు దారులే. కాని రహదారి దిగి కొండవారపు పల్లెకో, తోటకో పోవు బాటలలో గులకరాళ్ళు, వానకు కోసుకొనిపోయిన గండ్లు, వాగుల ఇసుక ఎదురగును. అట్టి బాటలలో నాలుగు చక్రములకును ఇంజను బలము నందుకొను వాహనము గొప్ప ఆసరా. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పుట్టిన జీపును స్వాతంత్ర్యము వచ్చిన నాళ్ళలోనే మహీంద్రావారు బొంబాయిలో కూర్చుట మొదలిడిరి. 1985లో మారుతి జిప్సీ, 2010లో మహీంద్రా థార్, 2020లో దాని క్రొత్త రూపము, 2023లో మారుతి జిమ్నీ వచ్చినవి. పేర్లు మారినను పని యొకటే: దారి లేనిచోట దారి చేసికొనుట.

ఇట్టి బండి గలవారు మెకానిక్కు షెడ్డుకు పోయి పలుకు మాట యొకటున్నది: “మేస్త్రీ, బండి ఒక మూడంగుళాలు లేపాల.” దానికి వచ్చు జవాబును తెలిసినదే: “లేపేదానికేముండాదన్నా, సాయంత్రానికి అయిపోతుంది.” ఆ జవాబులో అబద్ధము లేదు. ఎత్తు పెంచుట నిజముగా ఒక పూట పనియే. కాని ఎత్తు పెంచుటతో పని ముగియదు, అప్పుడే మొదలగును. ఎత్తు అను ఒక్క కొలతను మార్చినచో దానితో ముడివడిన అరడజను కొలతలు మనకు చెప్పకయే మారును. వానిని తిరిగి యథాస్థానమునకు తెచ్చుటయే అసలైన పనితనము.

ఈ సత్యము మన పల్లె వడ్రంగికి క్రొత్తది కాదు. ఎద్దుబండికి పాత చక్రములు తీసి పెద్ద చక్రములు వేసినామనుకొందము. ఇరుసు పైకి లేచును. కాని కాడి ఎద్దుల మెడలపై నుండునది కావున అది లేవదు. అందుచేత బండి పలక ముందునకు వాలును; బస్తాల బరువు ఎద్దుల మెడమీదికి వచ్చును. వడ్రంగి చక్రములు మార్చి ఊరకుండడు. నొగల అమరికను కూడ సరిచూచును. జీపు విషయమున జరుగునదియు ఇదియే. కాకపోతే ఎద్దు మెడ వాచినచో మన కంటికి కనబడును. జీపులో తప్పిన కోణము మలుపు వచ్చువరకు కనబడదు.

మొదట ఒక అపోహను తొలగించుకొనవలెను. ఎత్తు పెంచినంతమాత్రమున బండి క్రింది భాగమంతయు నేలకు దూరమగునని చాలమంది తలంపు. జీపు, జిప్సీ, జిమ్నీ వంటి వానిలో రెండు ముందు చక్రములను కలుపుచు ఒక గట్టి ఇరుసు, వెనుక చక్రములను కలుపుచు మరియొక గట్టి ఇరుసు ఉండును. ఆ ఇరుసు నడుమ గుండ్రముగా ఉబ్బియుండు డిఫరెన్షియలు పెట్టెయే బాటలోని రాతికి మొదట తగులునది. కమాను కట్టలను ఎత్తు చేసినచో వానిపైనున్న ఛాసీ, బాడీ లేచును గాని ఇరుసు వెంట్రుకవాసియైన లేవదు. ఇరుసును లేపగలిగినది టైరు ఒక్కటే. టైరు అడ్డుకొలత 3 అంగుళములు పెరిగినచో ఇరుసు 1½ అంగుళము లేచును. కావున కమానుల ఎత్తు పెంచుటవలన కలుగు లాభములు ప్రధానముగా రెండు: పెద్ద టైరుకు చోటు దొరకుట, గట్టు ఎక్కునపుడు, దిగునపుడు బండి ముక్కు, తోక, నడుము నేలకు తగులకుండుట. ఈ రెండింటి అవసరము లేనివాడు ఎత్తు పెంచుటవలన పొందునది చూపరుల మెప్పు మాత్రమే.

ఇక కోణముల మాట. అందు మొదటిది, ప్రాణము వంటిది, కాస్టరు కోణము. దీనిని గ్రహించుటకు సైకిలును చూచిన చాలును. సైకిలు ముందు ఫోర్కు నిట్టనిలువుగా ఉండదు. పైభాగము వెనుకకు, అనగా తొక్కువాని వైపునకు, వాలియుండును. ఆ వాలు వలననే సీటు పట్టుకొని సైకిలును ముందుకు తోసినచో హ్యాండిలు ముట్టకున్నను అది తిన్నగా పోవును. అదే సైకిలును వెనుకకు తోసిచూడుడు. ముందు చక్రము గిరుక్కున అడ్డము తిరుగును. జీపు ముందు చక్రము తిరుగు కింగ్‌పిన్ను గీతకు కూడ ఇట్టి వాలే యుండును. ఇది కొన్ని డిగ్రీలు మాత్రమే. మలుపు దాటిన తరువాత స్టీరింగు తనంతట తాను నడుమకు వచ్చుటకును, వేగముగా పోవునపుడు బండి అటునిటు తూలక గీత గీచినట్లు పోవుటకును ఈ కొద్దిపాటి వాలే ప్రధాన కారణము.

ఎత్తు పెంచినపుడు ఈ వాలు ఎట్లు తగ్గునో చూతము. జిమ్నీ వంటి బండిలో చుట్ట స్ప్రింగులుండును. ముందు ఇరుసును పట్టియుంచు ఇనుప చేతులు ఛాసీ నుండి ముందునకు చాచుకొని వచ్చి ఇరుసును పట్టుకొనును. ఛాసీ లేచినచో చేతి వెనుకకొన లేచును. ముందుకొన ఇరుసుతో క్రిందనే యుండును. చేయి ముందునకు వాలును. చేతికి బిగించియున్న ఇరుసు కూడ దానితోపాటు ముందునకు దొర్లును. లెక్కకు చేయి పొడవు 24 అంగుళములు, పెంచిన ఎత్తు 2 అంగుళములు అనుకొన్నచో ఇరుసు దొర్లునది దాదాపు 4¾ డిగ్రీలు. మొదట నున్న వాలే కొన్ని డిగ్రీలు గదా! 2 అంగుళముల ఎత్తు దానినంతయు మ్రింగివేయగలదు. అప్పుడు మలుపు తిరిగిన స్టీరింగు వెనుకకు రాదు. డ్రైవరే లాగి తేవలెను. వెలికొండల మలుపులలో, కుటుంబమునంతను ఎక్కించుకొని పోవు బండి ఇట్లున్నచో జరుగగల దానిని వేరుగ వర్ణింప నక్కరలేదు.

కమాను కట్టల బండ్లలో ఈ కథ కొంత వేరుగా నడచును. కట్ట రెండు కొనలు సమముగా ఉండి, క్రొత్త కట్ట వంపు మాత్రమే ఎక్కువైనచో కాస్టరు పెద్దగా మారదు. కాని చవుక మార్గమొకటి కలదు: కట్ట కొనను ఛాసీకి వ్రేలాడదీయు షాకిలును పొడవు చేయుట. షాకిలు ఒక్క కొననే ఉండును గనుక పొడవు 2 అంగుళములు పెంచినచో ఇరుసు వద్ద లేచునది దానిలో సగము, అనగా 1 అంగుళము. అంతేకాదు, కట్ట ఒక ప్రక్కకు వాలును. షాకిలు ముందుకొన నున్నచో కాస్టరు తగ్గును. వెనుకకొన నున్నచో పెరుగును. కావున “మావాడు షాకిలు మార్చినాడు, బాగున్నది” అను మాట విని మనమును మార్చరాదు. అతని షాకిలు ఏ కొన నున్నదో ముందు చూడవలెను.

మన ప్రాంతములవారు గమనింపదగిన మరియొక సంగతి కలదు. బరువు మోయుటకని వెనుక కట్టలకు మాత్రమే ఒక పట్టీ చేర్చినచో వెనుక భాగము లేచి బండి మొత్తము ముందునకు వాలును. పాత జీపులో ముందు ఇరుసుకు వెనుక ఇరుసుకు నడుమ దూరము 80 అంగుళములు. వెనుక మాత్రము 2 అంగుళములు లేచినచో కాస్టరు సుమారు 1½ డిగ్రీ తగ్గును. ముందు భాగమును చేతితో ముట్టకయే ముందు చక్రముల నడక చెడగొట్టినట్లగును.

పోయిన కాస్టరును మరల తెచ్చుటకు మార్గములు కలవు. కమాను కట్టల బండిలో కట్టకును ఇరుసుకును నడుమ ఏటవాలుగా చెక్కిన ఇనుప బిళ్ళను పెట్టుదురు. 2, 4 డిగ్రీల వాలుగల బిళ్ళలు దొరకును. బిళ్ళ దళసరి అంచు ముందునకు పెట్టవలెనా, వెనుకకు పెట్టవలెనా అనునది కట్ట ఇరుసుకు పైన నున్నదా, క్రింద నున్నదా అను దానిని బట్టి యుండును. చుట్ట స్ప్రింగుల బండిలో చేతులకు నడిమి రంధ్రము ప్రక్కకు జరిపిన బుష్షులు వేయుదురు. లేదా అదే కొలతకు వంచి చేసిన క్రొత్త చేతులనే పెట్టుదురు. ఏది చేసినను ముందు కొలిచి, పిమ్మట చేసి, మరల కొలువవలెను. కాస్టరును కంటితో కొలుచుట సాధ్యము కాదు. చక్రములను తిరుగుడు పలకలపై నిలిపి, అటు 20 డిగ్రీలు, ఇటు 20 డిగ్రీలు త్రిప్పి గేజితో చూచుట దీనికి పద్ధతి.

అయితే ఇక్కడ ఒక చిక్కు కలదు. ఈ శాస్త్రమునకు ముడి యక్కడనే. ఇరుసును వెనుకకు దొర్లించి కాస్టరు సరిచేసినామనుకొందము. ఆ ఇరుసులోనికే ఇంజను బలమును తెచ్చు ప్రొపెల్లరు షాఫ్టు వెనుక నుండి వచ్చి కలియును. ఇరుసును దొర్లించినపుడు షాఫ్టు కలియు ముఖము కూడ క్రిందికి దిగును. ఒక కోణము దిద్దబోగా మరియొక కోణము తప్పును.

ఈ షాఫ్టు రెండు కొనలను ఒక్కొక్క క్రాసు జాయింటు ఉండును. ఇటలీ పండితుడు కార్డానో పేరును, ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ పేరును దీనితో ముడివడియున్నవి. ఈ జాయింటులో ఒక విచిత్రమున్నది. వంకరగా పనిచేయునపుడు ఒక ప్రక్క సమవేగముతో తిరుగుచున్నను రెండవ ప్రక్క ప్రతి చుట్టునకు రెండుమారులు వేగము పెంచుచు, రెండుమారులు తగ్గించుచు తిరుగును. వంకర 10 డిగ్రీలైనచో ఈ హెచ్చుతగ్గు ఇరువైపుల నూటికి 1½ పాలు మాత్రమే. 20 డిగ్రీలైనచో నూటికి 6 పాళ్ళు. అనగా కోణము రెట్టింపైనచో ఒడుదుడుకు నాలుగు రెట్లగును. దీనికి విరుగుడుగా రెండవ కొనను మరియొక జాయింటు పెట్టి, రెండు వంకరలు సమానముగా నుండునట్లు అమర్చిరి. మొదటి జాయింటు చేసిన తప్పును రెండవ జాయింటు అంతే కొలతతో దిద్దును. రెండు కోణములలో ఒకటి మారి మరియొకటి మారనిచో ఈ దిద్దుబాటు చెడును. ఒక వేగమున బండి అడుగున బొంయిమని రొద, పాదముల క్రింద వణకు మొదలగును. క్రాసులు త్వరగా అరుగును.

అందుచేత ముందు ఇరుసు విషయమున తెలిసినవారు చేయునది మధ్యేమార్గము. ఎత్తును 2 అంగుళములకు మించనీయక, కాస్టరును అవసరమైనంత మేరకే తెచ్చి, షాఫ్టు కోణమును హద్దులో నుంచుదురు. అంతకు మించి ఎత్తు కావలసినవారు కింగ్‌పిన్నుల భాగమునే ఇరుసు గొట్టము నుండి వేరుచేసి, త్రిప్పి, తిరిగి అతుకవలసియుండును. అప్పుడు చక్రముల వాలు వేరుగ, షాఫ్టు ముఖము వేరుగ దిద్దబడును. అది మూలనున్న షెడ్డులో చేయు వెల్డింగు పని కాదు. వెనుక ఇరుసు విషయమున ఇంత చిక్కు లేదు; వెనుక చక్రములు స్టీరింగుతో తిరుగవు గనుక షాఫ్టు కోణమునకు తగినట్లే ఇరుసును వాల్చుకొనవచ్చును. ఎత్తు పెరిగినపుడు షాఫ్టు పొడవు కూడ చాలవలెను. దాని జారుడు కొన లోపల ఎంత మేర పట్టియున్నదో చూడవలెను. పట్టు తక్కువైనచో గుంతలో చక్రము దిగినపుడు షాఫ్టు ఊడిపడు ప్రమాదము కలదు.

మూడవది అడ్డకమ్ముల సంగతి. చుట్ట స్ప్రింగుల బండిలో ఇరుసు ప్రక్కలకు జరుగకుండ ఛాసీ యొక ప్రక్క నుండి ఇరుసు రెండవ ప్రక్కకు ఏటవాలుగా ఒక కమ్మి యుండును. దానిని పాన్‌హార్డ్ కమ్మి యందురు. ఛాసీ లేచినకొలది ఈ కమ్మి నిలువుకు తిరిగి ఇరుసును ఒక ప్రక్కకు లాగును. ఎంత లాగుననునది మొదటి వాలును బట్టి యుండును. కమ్మి పొడవు 36 అంగుళములనుకొందము. అది మొదట అడ్డముగా సమమట్టముగా నున్నచో 2 అంగుళముల ఎత్తునకు ఇరుసు జరుగునది అంగుళములో 18వ వంతు మాత్రమే. కాని మొదటనే రెండు కొనల ఎత్తులో 4 అంగుళముల భేదమున్నచో అదే 2 అంగుళములకు ఇరుసు పావు అంగుళమునకు పైగా జరుగును. కావున పొడవు సరిచేయదగిన కమ్మిని వేసి ఇరుసును నడిమికి తేవలెను.

ఈ పాన్‌హార్డ్ కమ్మికి జంటగా స్టీరింగు నుండి చక్రమునకు పోవు డ్రాగ్ లింకు ఉండును. ఈ రెండును ఒకే వాలుతో, ప్రక్కప్రక్కన, జోడెడ్లవలె కదలవలెను. ఒకదాని వాలు మార్చి రెండవదాని వాలు మార్చనిచో చక్రము గుంతలో దిగినప్పుడెల్ల డ్రైవరు చేయి కదలకున్నను చక్రము ప్రక్కకు తిరుగును. గతుకుల బాటపై బండి తన యిష్టము వచ్చినట్లు పోవుచున్నదని డ్రైవర్లు మొర పెట్టుకొనుటకు ఇదియొక కారణము. కమాను కట్టల పాత జీపులో పాన్‌హార్డ్ కమ్మి లేకున్నను డ్రాగ్ లింకు కలదు. దాని వాలు మారినను ఈ దోషమే కలుగును. ఎత్తు పెంచిన బండిలో స్టీరింగు చక్రము వంకరగా నిలుచుట కూడ ఈ లింకు వలననే. స్టీరింగు చక్రమును ఊడదీసి నేరుగా పెట్టుట దీనికి మందు కాదు. లింకు పొడవును సరిచేయవలెను.

బొలేరో, థార్ వంటి వానిలో ముందు చక్రములు రెండును వేరువేరుగా ఆడును. వానిని కలుపు గట్టి ఇరుసు లేదు. ఇక్కడ ఎత్తు పెంచినపుడు ప్రతి చక్రమును పట్టియుంచు పై చేయి, క్రింది చేయి క్రిందికి వాలును. చక్రము నిలువు వాలు, చక్రముల ముందంచుల నడుమ దూరము రెండును మారును. వీనినే కేంబరు, టో అందురు. ఈ రెండును తప్పినచో టైరు ఒక అంచున అరిగిపోవును. చక్రమునకు బలము తెచ్చు చిన్న షాఫ్టుల వంకర పెరిగి, వాని రబ్బరు తొడుగులు చిరుగును. చిరిగిన తొడుగులో ఇసుక చేరినచో జాయింటు ఆయువు తీరినట్లే. చక్రము క్రిందికి దిగుటకు మిగిలియుండు మేర కూడ తగ్గిపోవును గనుక గుంత వచ్చినపుడు టకటకమని కొట్టుకొనును. ఇట్టి బండికి ఎత్తు కొద్దిగా పెంచినను అదేదినమున అలైన్‌మెంటు చేయించి తీరవలెను.

కోణములు గాక మరువరాని సంగతులు మరి మూడు కలవు. మొదటిది బ్రేకు గొట్టములు. ఛాసీ నుండి ఇరుసుకు దిగు రబ్బరు గొట్టములు పాత ఎత్తునకు చేసినవి. ఎత్తు పెరిగిన బండిని జాకీతో లేపి చక్రములను వ్రేలాడనిచ్చి, స్టీరింగును రెండు ప్రక్కలకు పూర్తిగా త్రిప్పి, గొట్టము లాగుకొనిపోవుచున్నదేమో చూడవలెను. రెండవది కొన్ని బండ్లలో వెనుక ఇరుసుకు కమ్మితో కలిపియుంచు బ్రేకు వాల్వు. బరువు ఎక్కువైనపుడు బండి క్రుంగుటను గుర్తించి వెనుక బ్రేకుకు బలము హెచ్చించుట దాని పని. మనము బండిని లేపినచో అది ఖాళీ బండి యని భ్రమపడి, నిండుగా మనుషులున్నను వెనుక బ్రేకును తగ్గించియే ఉంచును. ఆ కమ్మిని క్రొత్త ఎత్తునకు సరిచేయవలెను. మూడవది యూ బోల్టులు. కట్టను ఇరుసుకు బిగించు ఈ బోల్టులు క్రొత్తవి వేయుటయే మేలు. వేసిన పిమ్మట కొన్ని వందల కిలోమీటర్లు తిరిగిన తరువాత మరల బిగింపవలెను. ముందు ఇరుసుకును కట్టకును నడుమ ఎత్తు కొరకు ఇనుప దిమ్మెలు పెట్టుట ఎన్నడును కూడదు. బ్రేకు వేసినపుడు కలుగు మెలికకు దిమ్మె జారిన యెడల ఇరుసే స్థానము తప్పును.

ఎన్ని కోణములు దిద్దినను దిద్దుటకు వీలులేనిది యొకటి కలదు. అది గరిమనాభి. బండి బరువంతయు ఒకచోట చేరినట్లు భావింపదగిన ఆ బిందువు నేలకు ఎంత దగ్గరగా నున్నచో బండి అంత నిలకడగా నుండును. రెండు ప్రక్కల చక్రముల నడుమ వెడల్పు 56 అంగుళములు, గరిమనాభి ఎత్తు 28 అంగుళములు అనుకొన్నచో, దాని బరువుకు సమానమైన ప్రక్కబలము పడినగాని బండి పొర్లదు. గరిమనాభి 2 అంగుళములు లేచినచో అందులో నూటికి 93 పాళ్ళ బలమే చాలును. ఆ పోయిన 7 పాళ్ళను ఏ బిళ్ళయు, ఏ బుష్షుయు తిరిగి ఈయలేవు. టాపుపై బస్తాలు వేసినచో ఇంకను తగ్గును. దీనికి విరుగుడు ఒక్కటే: మలుపులలో నెమ్మది. పెద్ద టైరు ఈ నెమ్మదిని కూడ మోసగించును. 28 అంగుళముల టైరు తీసి 31 అంగుళములది వేసినచో మీటరు 60 చూపునపుడు బండి నిజముగా 66 కిలోమీటర్ల వేగమున పోవుచుండును.

చట్టము సంగతియు తెలిసియుండవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు మొదట నిర్దేశించిన వానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదని చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షనును వ్యాఖ్యానించుచు తయారీదారు కొలతలకు విరుద్ధమైన మార్పులు చెల్లవని తీర్పు చెప్పినది. కావున ఏ మార్పునకైనను పూనుకొనుటకు ముందు రవాణా కార్యాలయములో విచారించుటయు, బీమా సంస్థకు తెలియజేయుటయు వివేకము. ప్రమాదము జరిగిన పిమ్మట తెలిసికొని ప్రయోజనము లేదు.

ఇంత విన్న తరువాత, మరి దిగబడిన బండికి దారి యేమి అని అడుగవచ్చును. చాల బండ్లకు కావలసినది క్రొత్త ఎత్తు కాదు. పోయిన పాత ఎత్తు. ఏండ్ల తరబడి బరువు మోసిన కమాను కట్టలు వంపు పోయి చదునైయుండును. బండి రాళ్ళకు తగులుచున్నదని యజమాని ఎత్తు పెంచదలచును. కాని సమతలముపై ఖాళీ బండిని నిలిపి, ఇరుసు నుండి ఛాసీ వరకు నాలుగు చక్రముల వద్దను కొలిచి, తయారీదారు పుస్తకములోని కొలతతో పోల్చినచో తగ్గిన అంగుళము లెన్నియో తెలియును. క్రొత్త కట్టలు, క్రొత్త బుష్షులు, క్రొత్త షాక్ అబ్సార్బర్లు వేసినచో ఆ అంగుళములు తిరిగివచ్చును. వానితో కోణములును తమంతట తామే తిరిగివచ్చును. బిళ్ళలతో పనిలేదు, చట్టముతో తగవు లేదు. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల బాటలకు, నిదానముగా నడుపు వానికి, చాలవరకు ఇది చాలును.

ఎత్తు పెంచిన బండిని కొనువారును, అట్టి బండిలో తమవారిని పంపువారును చూడదగిన గురుతులు కొన్ని చెప్పి ముగింతును. నిర్జనమైన మైదానమున నెమ్మదిగా నడుపుచు స్టీరింగును పూర్తిగా త్రిప్పి, పట్టు కొంచెము సడలింపుడు. అది తనంతట తాను నడుమకు రావలెను. తిన్నని దారిలో స్టీరింగు చక్రము వంకరగా నిలువరాదు. ఒక్క వేగమున మాత్రమే వచ్చు రొద యున్నచో షాఫ్టు కోణమును చూపించుడు. గతుకులో ముందు చక్రములు గజగజ వణకినచో ఆ బండిని నడుపుట మానుడు. కాస్టరు తగ్గుటయో, కింగ్‌పిన్ను బేరింగులు అరుగుటయో, రెండునో అందుకు కారణము కావచ్చును. టైర్ల అంచులను చేతితో తడవి చూడుడు. ఒక అంచు నునుపైయున్నచో అలైన్‌మెంటు తప్పినది. మెకానిక్కును అడుగవలసిన ప్రశ్న “ఎన్ని అంగుళములు లేపగలవు?” అనునది కాదు, “లేపిన తరువాత ఏయే కొలతలు తీసి చూపెదవు?” అనునది. ఆ ప్రశ్నకు కాగితముపై అంకెలతో జవాబు చెప్పగలవాని చేతికే బండి తాళములు ఈయవలెను. ఆ బండిలో అర్ధరాత్రి ప్రసవవేదనతో ఆసుపత్రికి పోవునది మన యింటి ఆడపడుచే కావచ్చును.